నువ్వు తాగుతవా బిడ్డా?

మత్తు వాడకం మీద ఊళ్లు తిరిగి పరిశోధన చేసేవాళ్ల వ్యాసాల్లో ఈమధ్య ఒక పేరా తరచుగా కనిపిస్తోంది. నేను ఫలానా కులంలో పుట్టాను, ఆడమనిషిని, పట్నంలో చదువుకున్నాను, నేను విన్నదాని మీద వీటి ప్రభావం ఉండొచ్చు అని. మంచి అలవాటే. కానీ గంజాయి మీద వంద పేజీలు రాసిన మనిషి తానెప్పుడైనా తాగిందీ లేనిదీ మాత్రం ఆ పేరాలో ఉండదు. ఎదుటివాళ్లనేమో మొదటిసారి ఎప్పుడు, ఎవరితో, ఎంత, ఇంట్లో తెలుసా అని అడిగి రాసుకుంటాం. ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఆ తేడా నన్ను బాధిస్తుంది.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త హోవార్డ్ బెకర్ సంగతి చూడండి. అంతకుముందు చాలామంది, మనిషిలో ఏ లోపం ఉంటే గంజాయికి దిగుతాడా అని వెతికేవారు. 1953లో అచ్చయిన తన వ్యాసంలో బెకర్ ఆ ప్రశ్నను పక్కన పెట్టి, గంజాయి తాగడం ఎలా నేర్చుకుంటారని అడిగాడు. పొగ ఎలా పీల్చాలో తోటివాళ్లు చూపిస్తారు. ఒంట్లో వచ్చే మార్పును గుర్తుపట్టడం నేర్పుతారు. అది సుఖమేనని అనుకోవడం కూడా నలుగురి మధ్యే అలవడుతుంది. చికాగో బార్లలో పియానో వాయించినవాడు కాబట్టే ఆయనకు ఆ ప్రశ్న తట్టిందని నా నమ్మకం. ఆయన చేసిన 50 ఇంటర్వ్యూల్లో సగం సంగీతకారులవే. తానూ తాగానన్న మాట ఆ వ్యాసంలో లేదు, తర్వాతి కాలంలో మాత్రం దాచలేదు.

అలాగని అనుభవం ఉంటే చాలని నేననను. 1884లో సిగ్మండ్ ఫ్రాయిడ్ కొకెయిన్ మీద రాసిన వ్యాసం అందుకు సాక్ష్యం. తాను వాడి చూశాడు, హుషారు వచ్చింది, మళ్లీ కావాలన్న యావ పుట్టలేదు. మార్ఫిన్ మాన్పించడానికి కొకెయిన్ పనికొస్తుందని వాదించాడు. మార్ఫిన్‌కు అలవాటుపడ్డ ఆయన మిత్రుడు ఎర్నెస్ట్ ఫ్లైష్‌ల్ కొకెయిన్‌కూ బానిసయ్యాడు, 1891లో చనిపోయాడు. ఫ్రాయిడ్ తన అనుభవాన్ని దాచలేదు. తనకు జరిగిందే అందరికీ జరుగుతుందనుకున్నాడు. బెకర్ తనకు తెలిసినదాన్ని పట్టుకుని వెళ్లి యాభై మందిని అడిగాడు.

నా మటుకు నాకు తెలిసింది కల్లు. మా ఇంట్లో పండగకు ఆడవాళ్లూ తాగేవారు, నేనూ తాగుతాను. అందుకే కల్లు దుకాణాల మీద ప్రశ్నావళి తయారుచేసేటప్పుడు చెట్టు కల్లుకు, మందు కల్లుకు వేర్వేరు గడులు ఉండాలని పట్టుబట్టాను. తాటి, ఈత చెట్ల నుంచి దిగేది ఒకటి. అల్ప్రాజోలం, డైజీపామ్ లాంటి నిద్రమాత్రల మందో, క్లోరల్ హైడ్రేటో కలిపి అమ్మేది ఇంకొకటి. రెండిటినీ కల్లు అనే ఒకే గడిలో వేస్తే రోగమేమిటో అంతుచిక్కదు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం బారులు తీరడానికి ఈ రెండో రకం అందకపోవడం ఒక ముఖ్య కారణం.

ఒక ఊళ్లో నా ప్రశ్నలన్నీ విన్న ముసలమ్మ ఎదురు ప్రశ్న వేసింది. "నువ్వు తాగుతవా బిడ్డా?"

"తాగుత అవ్వా, చెట్టు కల్లు."

"అది తాగితె నీకేమెర్క" అంది, కోపంగా కాదు. ఆ తర్వాత తన కథ చెప్పింది. ఒక్క పూట పడకపోతే చేతులు వణకడం, రాత్రంతా కన్ను మూత పడకపోవడం, ఒంటి మీద పురుగులు పాకినట్టు ఉండటం. నా తాగుడు నాకు రెండు గడులు పెట్టే తెలివి ఇచ్చింది. ఆ రెండో గడిలో ఏముందో మాత్రం ఆమే చెప్పాలి.

ఆమెకు నేను నిజం చెప్పగలిగానంటే అది కల్లు కాబట్టి. గంజాయి గురించి అడిగి ఉంటే, 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ ఉంది, వాడినందుకే ఆరు నెలల దాకా జైలు. హెరాయిన్, కొకెయిన్ అయితే ఏడాది. పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల ఏ ధైర్యంతో నోరు విప్పుతుంది? కార్ల్ హార్ట్ విప్పాడు. మయామీలో పేద నల్లజాతి కుటుంబంలో పెరిగి కొలంబియా యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిన ఆయన, తాను హెరాయిన్ వాడతానని 2021లో వచ్చిన పుస్తకంలో రాశాడు. ఆ తెగువకు దండం పెడతాను. అప్పటికి ఆయన ఉద్యోగం శాశ్వతమైనది, పేరు ప్రఖ్యాతులు వచ్చేశాయి. హాయిగా, అదుపులో వాడే పెద్దమనుషులున్నారన్న ఆయన మాట నిజమే కావచ్చు. నాకు కథ చెప్పిన అవ్వ ఆ లెక్కలో లేదు.

మన దేశంలో ఇంకో అన్యాయం ఉంది. ఎయిమ్స్ వైద్యులు చేసి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వేలో, మత్తుకు బానిసైనవాళ్లను చేరడానికి ఒకరి ద్వారా ఇంకొకరిని పిలిపించే పద్ధతి వాడారు. ఆ దారిన 70 వేలమందికి పైగా మనుషులతో మాట్లాడారు. వాడేవాళ్ల నమ్మకం, వాళ్ల స్నేహాలు లేకపోతే అన్ని వేలమంది దొరకరు. మణిపూర్‌లో మత్తు వాడేవాళ్ల కోసం పనిచేసే సాసో అనే సంస్థను 1991లో స్థాపించింది ఒకప్పుడు మత్తు వాడినవాళ్లే. ఇలాంటివాళ్ల గతం అందరికీ తెలియాలి, సర్వేల్లో, ఇలాంటి సంస్థల్లో పని వాళ్లకు దొరికేదే దాని వల్ల. పక్కనే కూర్చున్న డిగ్రీలవాళ్ల గతం ఎవరికీ తెలియనక్కర్లేదు. వ్యాసం మీద పేర్లు వేసే వేళకు సాధారణంగా మిగిలేది డిగ్రీలవాళ్లే. ఆ పేర్ల వరసలో వాడినవాళ్లకూ చోటు దక్కాలని నేను అడుగుతూనే ఉన్నాను.

ఈసారి మా బృందం ఒప్పుకుంది. దుకాణాల దగ్గర మాకు దారి చూపించిన ఇద్దరి పేర్లు రచయితలుగా వేద్దామన్నారు. ఒకాయన సంతోషంగా సరేనన్నాడు. రెండో ఆవిడ వద్దంది. కూతురికి సంబంధాలు చూస్తున్నారట, ఎవరైనా చదివితే అని భయం. పెళ్లయ్యాక వేయొచ్చా అని అడిగింది. వేయొచ్చో లేదో పత్రిక సంపాదకులకు రాశాను.