జీతం, స్నేహం, స్వేచ్ఛ: ఓల్గా రచనల్లో స్త్రీ స్వావలంబన

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. అప్పటినుంచి ఐటీ ఉద్యోగిని స్వావలంబనను జీతంతో కొలవడం పరిపాటి అయింది. ఈ కొలమానాన్ని ఓల్గా ‘స్వేచ్ఛ’ (1987) నవల ముందే ప్రశ్నించింది. అరుణ ప్రకాశంను ప్రేమించి పెళ్లాడుతుంది, ఉద్యోగమూ చేస్తుంది. అయినా ఆమె ఆలోచనకూ కదలికకూ ఇంటి అనుమతి కావలసివస్తుంది. పుట్టింటి కట్టుబాట్లను దాటించిన ప్రేమే మరో కట్టుబాటుగా పరిణమిస్తుంది. ఆమె గడప దాటడానికి సంపాదన ఆధారమే; కాని దాటాలన్న ఎరుక సంపాదన ఇచ్చినది కాదు.

ఆ ఎరుకకు మూలమేదన్న ప్రశ్నకు సాహిత్య అకాడమీ పురస్కారం (2015) పొందిన ‘విముక్త’ సంపుటి జవాబు సూచిస్తుంది. అందులోని ‘సమాగమం’ కథలో సీతకు దారి చూపేది శూర్పణఖ స్నేహం. వైరూప్యాన్ని అనుభవించిన శూర్పణఖ వనాన్ని పెంచుతూ తనను తాను నిర్మించుకుంటుంది. సుధీరుని సాహచర్యం ఆ స్వస్థతకు కారణం కాదు, దాని తరువాతి ఫలం. ఈ క్రమమే కీలకం: ముందు ఆత్మగౌరవం, పిదప ప్రేమ.

కనుక మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ల నేపథ్యంలో వచ్చే కథలను పరిశీలించేటప్పుడు నాయిక ఎంత సంపాదిస్తున్నదన్నది ఒక్కటే చాలదు. ఎవరి సమక్షంలో ఆమె నిర్భయంగా ఆలోచించగలుగుతున్నదన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న.