ఊపిరికీ చూపుకూ నడుమ
విలియం సిల్వర్‌మన్ 1980లో న్యూయార్క్‌నుండి ప్రకటించిన "రెట్రోలెంటల్ ఫైబ్రోప్లేసియా: ఎ మోడర్న్ పారబుల్" అనే గ్రంథము పేరు చూచి, ఇది వైద్యులకు తప్ప ఇతరులకు పనికిరాదని తలపవచ్చును. కాని సైన్సు బోధించే ఉపాధ్యాయుడు దీనిని తప్పక చదువవలసి ఉన్నది. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు ప్రాణవాయువు ఎంత ఇవ్వవలెను అనే ప్రశ్నకు వైద్యులు ఏ విధముగా జవాబు వెదికారో, దొరికిన జవాబును ఏ విధముగా తప్పుగా చదువుకొన్నారో ఇందులో ఉన్నది.

కథ 1942లో ఆరంభమవుతున్నది. ఆ సంవత్సరమున బోస్టన్ నగరములో టెర్రీ అనే నేత్రవైద్యుడు, తక్కువ బరువుతో పుట్టి బ్రతికిన శిశువుల కండ్లలో కటకము వెనుక తెల్లని పొర ఏర్పడి చూపు పోవుటను వర్ణించాడు. తరువాతి పదేండ్లలో ప్రపంచము మొత్తముమీద సుమారు 10,000 మంది పిల్లలు ఇట్లు అంధులైనారని సిల్వర్‌మన్ అంచనా. విటమినుల లోపమనీ, వెలుతురనీ, ఇంకేమేమో అనీ యాభైకి పైగా కారణములు చెప్పారట. ప్రాణవాయువును మాత్రము ఎవరూ చాలకాలము అనుమానించలేదు. ఎట్లు అనుమానింతురు? అది ఇచ్చినప్పుడు నీలివర్ణము పోయి బిడ్డ ఎర్రబడేది. తడబడుతున్న ఊపిరి సరిపడేది.

1951లో మెల్బోర్న్ నగరమున కేట్ క్యాంప్‌బెల్ అనే వైద్యురాలు, ప్రాణవాయువును ధారాళముగా వాడిన చోట జబ్బు ఎక్కువగానూ, పొదుపుగా వాడిన చోట తక్కువగానూ ఉన్నదని గమనించింది. కారణము తరువాత తేటపడింది. గర్భస్థ శిశువు నేత్రపటలములో రక్తనాళములు నడుమనుండి అంచులకు మెల్లగా పాకుతూ, నెలలు నిండే వేళకు గాని అంచు చేరవు. ముందుగా పుట్టిన బిడ్డకు ప్రాణవాయువు అధికమైతే ఆ పెరుగుదల ఆగిపోవును. అటుపిమ్మట, రక్తము అందని అంచు భాగము ఆకలిగొని, నాళములను పెంచే రసాయనమును విడుదల చేయును. అప్పుడు అడ్డదిడ్డముగా మొలచిన నాళములు మచ్చకట్టి, నేత్రపటలమును లాగి ఊడదీయును.

గ్రంథములో అన్నిటికన్న మెచ్చదగినది, సిల్వర్‌మన్ తన పొరబాటును తానే బయటపెట్టిన ఘట్టము. ఏ.సి.టి.హెచ్. అనే హార్మోనును ఆయన, ఆయన సహచరులు 31 మంది శిశువులకు ఇవ్వగా 25 మంది మంచి చూపుతో ఇల్లు చేరారు. మరొక ఆసుపత్రిలో ఆ మందు ఇవ్వని ఏడుగురిలో ఆరుగురు అంధులైనారు. ఇంతకన్న రుజువు ఏమి కావలెను? అయినను వారు రంగు గోళీలు తీసి, ఏ బిడ్డకు మందు, ఏ బిడ్డకు కాదు అని నిర్ణయించి మరల పరీక్షించారు. మందు పొందినవారిలో మూడవ వంతు అంధులైనారు. పొందనివారిలో అయిదవ వంతు మాత్రమే. పైగా మందు పొందినవారిలోనే మరణములు ఎక్కువ. తొలి లక్షణములు కనబడిన పిల్లలలో చాలామందికి జబ్బు దానంతట అదే తగ్గుతుందని అప్పుడు గాని తెలియలేదు.

ఇక అసలు ఘట్టము. 1953 జూలైలో అమెరికాలోని 18 ఆసుపత్రులు కలిసి, 1500 గ్రాములు మించని శిశువులపై పెద్ద పరిశోధన ప్రారంభించాయి. కొందరికి ప్రాణవాయువు ధారాళముగానూ, తక్కినవారికి అవసరమైనంత మట్టుకే, 40 శాతము మించకుండానూ ఇచ్చారు. 1954లో ఫలితము ప్రకటించారు: మొదటి వర్గములో 23 శాతము మందికి కండ్లలో మచ్చకట్టిన జబ్బు, రెండవ వర్గములో 7 శాతము మందికే. మరణములలో తేడా కనబడలేదు. ప్రాణవాయువు తగ్గించినందువలన నష్టము లేదని వైద్యలోకము ఊరట చెందింది.

అయితే ఈ పరిశోధనలో శిశువును చేర్చుకొన్నది పుట్టిన 48 గంటల తరువాత. నెలలు నిండని బిడ్డ ఊపిరి కొరకు పెనగులాడేది ఆ 48 గంటలలోనే. ఊపిరితిత్తులలోని గాలితిత్తులు ముడుచుకొనకుండా కాపాడే జిగురు పదార్థము వారిలో చాలదని 1959లో తెలిసింది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు, రెండు కిలోల పైచిలుకు బరువున్నవాడు, ఈ జబ్బుతోనే 39 గంటలకు మరణించాడు. బడి మధ్యలో మానినవారిని విడిచి, పరీక్షకు కూర్చున్నవారినే లెక్కించి ఉత్తీర్ణత శాతము ప్రకటించినట్లున్నది ఆ పట్టిక. రెండు దినములు దాటిన బిడ్డలకు తేలిన ఫలితమును అప్పుడే పుట్టినవారికి అన్వయించి, ఎన్నో ఆసుపత్రులు 40 శాతము హద్దు గీశాయి. ఒక్కొక్కరి చూపు నిలిచినందుకు సుమారు 16 మంది ప్రాణములు పోయి ఉండవచ్చునని 1973లో కెన్నెత్ క్రాస్ లెక్కగట్టాడు. ఇది మరణముల పట్టికలనుండి తీసిన అంచనాయే గాని ప్రయోగఫలము కాదు. దీనిని పట్టుకొని పరిశోధన చేసినవారిని నిందించుట న్యాయము కాదు. వారు కనుగొన్నది నిజమే. దానిని చదివినవారే హద్దు మీరారు.

గ్రంథముపై ఒక అభ్యంతరము చెప్పవలసి ఉన్నది. "పారబుల్" అనగా నీతికథ. నీతికథకు ముగింపు ఉండవలెను. ఈ విషయమునకు 1980లో ముగింపు లేదు. రక్తములోని ప్రాణవాయువును చర్మముపైనుండి కొలిచే పరికరము వాడుకలోకి వచ్చిన తరువాత గాని మధ్యేమార్గమును వెదకుట సాధ్యము కాలేదు. 28 వారములు నిండకుండా పుట్టిన 4,965 మంది శిశువులపై జరిగిన అయిదు పరిశోధనల లెక్కలను కలిపి 2018లో ప్రకటించారు. రక్తములో ప్రాణవాయువు 85 నుండి 89 శాతము ఉంచదలచిన వర్గములో 19.9 శాతము మంది మరణించారు. 91 నుండి 95 శాతము ఉంచదలచిన వర్గములో 17.1 శాతము. కంటికి చికిత్స అవసరమైనది మొదటి వర్గములో 10.9 శాతము మందికి, రెండవ వర్గములో 14.9 శాతము మందికి. క్రాస్ సూచించిన దిశ సరియైనదే. ఆయన చెప్పిన సంఖ్యను మాత్రము ఈ లెక్కలు నిలబెట్టవు. నూటికి ముగ్గురి ప్రాణములు ఒక వైపు, నలుగురి కండ్లకు చికిత్స మరొక వైపు. లేజరు చికిత్స సకాలములో అందితే ఆ కండ్లలో చాలామటుకు చూపు నిలుచును గనుక, హెచ్చు ప్రాణవాయువు పక్షమే నేడు బలముగా ఉన్నది.

ఆ చికిత్స అందుట అనే మాటలోనే మన దేశపు చిక్కు ఉన్నది. గ్రంథములో జబ్బు ప్రధానముగా 1500 గ్రాముల లోపు బిడ్డలది. గాలితో కలపకుండా, కొలత లేకుండా ప్రాణవాయువు ఇచ్చే చోట అంతకన్న బరువైన బిడ్డలకూ ఇది వచ్చును. అందుకే భారతదేశములో 2000 గ్రాముల లోపు బరువున్న వారిని, 34 వారములు నిండని వారిని కూడ పరీక్షించవలెనని నియమము. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు ఇట్టి పరీక్షలు చాలకాలముగా చేస్తున్నారు. మొదటి పరీక్ష బిడ్డ పుట్టిన 30 దినముల లోపల జరుగవలెను. ఆసుపత్రినుండి ఇంటికి పోయి, బాలింతరాలు గడప దాటని రోజులు అవి.

సిల్వర్‌మన్ ఇంగ్లీషు కొన్ని చోట్ల కఠినము, వైద్యపదములు మెండు. గోళీల ఘట్టము మాత్రము పదవ తరగతి విద్యార్థికి సైతము ఒక గంటలో చెప్పవచ్చును. రెండు రంగుల గోళీలు, ఒక డబ్బా ఉంటే చాలును.