శరీరం తెలియని శృంగారం

మన ప్రబంధాల్లో స్త్రీ శరీర వర్ణనకు కొదవ లేదు. ఆపాదమస్తకం వర్ణించారు. కాని ఆ శరీరానికి సుఖం ఎలా కలుగుతుందన్న ప్రశ్నకు ఆ పద్యాల్లో నాకు సమాధానం దొరకలేదు. చూసేవాడి సుఖమే అక్కడ వస్తువు. ఇది రచయితల అజ్ఞానం మాత్రమే కాదు, ఒక దృక్పథం కూడా.

శాస్త్రం కూడా ఈ దృక్పథానికి అతీతంగా నిలబడలేదు. స్త్రీ లైంగిక సుఖానికి ప్రధానమైన అవయవం క్లిటోరిస్ (యోనిశీర్షం). పైకి కనిపించే చిన్న మొన అందులో ఒక భాగమే. లోపల దాని కాండం, కటి ఎముకల వెంట సాగే రెండు పాయలు, యోని ద్వారానికి ఇరుపక్కలా ఉబ్బే కణజాలం ఉన్నాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు కోబెల్ట్ 1844లోనే దీన్ని వివరంగా చిత్రించాడు. అయినా ఫ్రాయిడ్ 1905లో, ఎదిగిన స్త్రీకి సుఖస్థానం క్లిటోరిస్ నుంచి యోనికి మారాలని సిద్ధాంతీకరించాడు. పురుషుడికి అనువైనదే స్త్రీకి పరిణతి అయిందన్నమాట! మాస్టర్స్, జాన్సన్‌ల పరిశీలనలు 1966లో ఈ విభజనను తోసిపుచ్చాయి. ఆ తర్వాత కూడా పాఠ్యపుస్తకాల బొమ్మలు సరికాలేదని ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓకానెల్ 1998లో శవచ్ఛేదాల ఆధారంగా చూపవలసి వచ్చింది.

ఇక మన విమర్శ సంగతి. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికాసాంత్వనం' రాసింది. అందులో రాధ కోరుతుంది, అలుగుతుంది, చొరవ తీసుకుంటుంది. సంస్కర్త వీరేశలింగంగారికి అది స్త్రీ నోట రాదగని మాటగా తోచింది. 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ, సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని నిలదీసింది. మరుసటి ఏడు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అది ఆస్థాన కావ్యమే, దాని పరిమితులు దానికున్నాయి, ఆకాశానికెత్తనక్కర్లేదు. కాని నాగరత్నమ్మ ప్రశ్నకు మనమూ జవాబు చెప్పలేదు. దశాబ్దాల తర్వాత స్త్రీవాద కవులు శరీరం గురించి రాస్తే 'నీలి కవిత్వం' అన్న ఎగతాళి వచ్చింది. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం ఆ మాటను పేరులోకే తీసుకుంది.

శ్రమజీవి స్త్రీకి ఇదొక సమస్యా అని అభ్యుదయ మిత్రులు అడుగుతారు. ఆమెకు శరీరం లేదా అని నేనడుగుతాను. ఒకటే గది, పక్కనే పిల్లలు, తెరకవతల అత్తమామలు. తెల్లారకముందే లేవాలి, మళ్లీ నెల తప్పుతుందేమోనన్న భయం ఒకటి. సుఖానికి ఉన్న భౌతిక పరిస్థితులివి. కూలిరేటును అణాపైసలతో సహా రాసే మన కథకుడు ఈ గదిలోకి వచ్చేసరికి "ఆమె అతని కౌగిట్లో కరిగిపోయింది" అని రాసి దీపం ఆర్పేస్తాడు. అతని తృప్తితో సన్నివేశం ముగుస్తుంది. ఆమెకు ఏమైనా అందిందా, అందకపోతే అడిగే వీలుందా, అడగటానికి ఆమెకొక మాటైనా ఉందా? ఇవి కథా వస్తువులు కావని ఏ సిద్ధాంతం చెబుతోంది?