నీటి జాడ పట్టువారు

మహానంది కోనేటి యడుగున నాణెమును చూచి మురియు యాత్రికుడు, ఆ నిర్మలోదకము నల్లమల శిలల పగుళ్లలో నే త్రోవను నడచి వచ్చినదో యడుగడు, అడుగువాడు జలశాస్త్రజ్ఞుడు. నంద్యాల, ఆళ్లగడ్డల నడుమ కుందూ పరీవాహమున పలుచోట్ల పరచుకొన్న సున్నపురాయి నీటికి కరగి బిలములగును గనుక, అచ్చటి ప్రవాహమును ఊహచే గాక గుర్తుచేతనే పట్టవలయును. 1877లో జర్మనీయందు డాన్యూబు నీరు భూమిలో నింకు చోట ఫ్లోరెసీను రంగు కలుపగా, రమారమి రెండున్నర దినములకు ఆఖ్ ఊట పచ్చగా మెరసినది.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారి పద్ధతి యింకను సున్నితము: వానలకు ముందు సస్యమూలములకు దిగువ ట్రిటియమను రేడియోధార్మిక హైడ్రోజను కలిసిన నీటిని చొప్పించి, వానలు వెలిసిన పిమ్మట మట్టిని పొరపొరగా తీసి, అది యెంత లోతునకు దిగినదో కొలిచి, పాతాళమునకు చేరిన వాననీటి పాలు లెక్కగట్టుదురు. ఇందు కన్నులపండువ యేమియు లేదు. మట్టి సంచులపై చీటీలు తారుమారైన చాలును, ఏడాది శ్రమ వ్యర్థమగుటకు! ఆ యోపికయే నాకు మిక్కిలి వంద్యముగా తోచును.

కొండపై కురిసిన వానలో బరువైన ఆక్సిజను 18 పాలు మైదానపు వానకన్న సాధారణముగా తక్కువ; ఆ భేదమే ఊటకు పుట్టుచీటి. తీర్థజలమున రంగు కలుపుట యెవ్వరికిని సమ్మతము గాదు గదా. ఆక్సిజను భేదమను ఈ సహజచిహ్నమును పరీక్షించుటకైతే బిరడా బిగించిన చిన్న సీసాడు నీరు చాలును.