షుల్జ్ పండితుని తెలుగు: ఒక పునర్విమర్శ

తెలుగునకు సేవచేసిన విదేశీయులను తలచునపుడు మన నోట మొదట వచ్చు పేరు బ్రౌను దొరది. అది న్యాయమే. కాని బ్రౌను పుట్టుటకు డెబ్బది యేండ్లకు పూర్వమే, 1728లో, ఒక జర్మను పండితుడు లాటినుభాషలో తెలుగు వ్యాకరణము వ్రాసెనన్న సంగతి మనలో పెక్కుమంది యెరుగరు. ఆయన పేరు బెంజమిన్ షుల్జ్. ఎరిగినవారు సైతము 'తొలి తెలుగు పుస్తకములను అచ్చువేయించినవాడు' అని ఒక్క మాటతో సరిపెట్టుదురు. ఈ మెప్పు ఆయన అసలు పనిని మరుగుపరచుచున్నదని మా అభిప్రాయము.

షుల్జ్ 1689లో బ్రాండెన్‌బర్గు సీమలోని సోనెన్‌బర్గులో జన్మించెను. ఆయన చదివిన హాలె విశ్వవిద్యాలయము ఆనాడు హీబ్రూ విద్యకు పేరెన్నిక గన్నది. అచటనే మిఖాయెలిస్ పండితుడు 1720లో హీబ్రూ బైబిలును పాఠభేదములతో పరిష్కరించి ప్రకటించెను. జర్మనీలో ఈ విద్యకు పునాది వేసినవాడు యోహానెస్ రాయ్‌హ్లిన్ (1455–1522). ఆయన క్రైస్తవుడు, న్యాయశాస్త్రవేత్త. యూదు వైద్యుడగు యాకోబు లోవాన్సు వద్దను, పిదప రోములో ఒబదయా స్ఫోర్నో వద్దను శిష్యుడై హీబ్రూ నేర్చి, 1506లో ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చి వెలువరించెను. యూదుల గ్రంథములను లాగికొని నాశనము చేయవలెనన్న యత్నమును 1510లో ఎదిరించి, ఏండ్ల తరబడి విచారణల పాలయ్యెను. తనది కాని భాషను అక్షరము మొదలుకొని నేర్చి, దానికి లక్షణము వ్రాయుట ఆ పండితుల సంప్రదాయము. షుల్జ్ మన దేశమునకు తెచ్చిన మూలధనము ఇదియే.

1719లో ఆయన తరంగంబాడి చేరెను. ఆ యేడే మరణించిన జీగెన్‌బాల్గు సగములో విడిచిన తమిళ బైబిలును పూర్తిచేసెను. 1726లో మదరాసు చేరి, తెలుగుపై దృష్టి నిలిపి, వ్యాకరణము రచించి, 1732 నాటికి బైబిలును తెలిగించెను. 1743లో స్వదేశమునకు మరలి, 1746, 1747 సంవత్సరములలో హాలె నగరమున తెలుగు లిపితో చిన్న పుస్తకములను ముద్రింపించెను. 1760లో అచటనే కన్నుమూసెను.

ఇక గుణదోషముల మాట. షుల్జ్ పనిలో తొందర యెక్కువ, పరిష్కారము తక్కువ. ఆయన తమిళానువాదము నిలువలేదు. మదరాసులో ఆయన స్థానమునకు వచ్చిన ఫాబ్రీషియస్ దానిని మరల చేయవలసివచ్చెను. తెలుగు బైబిలు వ్రాతప్రతిగనే మిగిలెను. హాలెలో అచ్చయిన తెలుగు పుస్తకములు మతబోధకు ఉద్దేశించినవి. వానిలో కావ్యమొక్కటియు లేదు. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించిన బ్రౌను ఇచట షుల్జ్‌ను మించినవాడనుటలో సందేహము లేదు.

అయినను వ్యాకరణమును వేరుగా తూచవలెను. మన ఆంధ్రశబ్దచింతామణి సంస్కృత సూత్రములలో నున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) పేరునకు బాలురదే గాని, తెలుగు వచ్చినవానికి సాధుత్వము బోధించునది. తెలుగు బొత్తిగా రానివాడు ఎచట మొదలిడవలెనన్న ప్రశ్న ఈ గ్రంథములది కాదు. అది షుల్జ్ ప్రశ్న. ఏలయన ఆ రానివాడు తానే. దురదృష్టమేమన, ఈ గ్రంథము 1984లో గాని హాలెలో అచ్చుకాలేదు. అందువలన 1814లో కేరీ, 1816లో క్యాంబెల్ వేర్వేరుగా తెలుగు వ్యాకరణములు ప్రకటించునప్పటికి, దాదాపు తొంబదియేండ్ల క్రిందటి ఈ కృషి వ్రాతప్రతిలోనే నిద్రించుచుండెను. తొలి అచ్చుపుస్తకముల కీర్తికంటె, అచ్చుకాని ఈ వ్యాకరణమే షుల్జ్‌కు సరియైన స్మారకమని మేము తలచుచున్నాము.

వైట్‌ఫీల్డు, కృష్ణరాజపురముల నడుమనున్న మా హూడిలో ఈ చర్చ యేల యని కొందరు అడుగవచ్చును. ఇచట స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు బడిలో ఆంగ్లము, కన్నడము చదువుదురు, ఇంట తెలుగు మాటాడుదురు, తెలుగక్షరము చదువలేరు. 'మాటాడుచున్నారు గదా, చాలును' అని మనము తృప్తిపడుచున్నాము. ఆ బిడ్డకు కావలసినది సూత్రములు కాదు, షుల్జ్ అడిగిన మొదటిమెట్టు. కన్నడాక్షరములు వచ్చిన బిడ్డకు మన లిపి ఎంతో దూరము కాదు; ఆ సౌకర్యము హాలె నుండి వచ్చినవానికి లేకపోయెను.

యూదులు వందలయేండ్లు పరదేశములలో బ్రతికిరి. వారి వీధిభాష హీబ్రూ కాదు. ఐనను బిడ్డలకు ఆ యక్షరములు నేర్పుట మానలేదు. అందువలననే రాయ్‌హ్లిన్ గురువును వెదకినపుడు, రాజాస్థాన వైద్యుడొకడు గురువై దొరకెను. రేపు ఒక షుల్జ్ మన వాకిట నిలిచి, తెలుగు వ్రాత నేర్పుడని అడిగినచో, మన పిల్లలలో ఒక్కడైనను పలక యందుకొనగలడా? పరదేశియైన షుల్జ్‌ను పొగడుటకు ముందు, మనము ఒకరినొకరము అడుగవలసిన ప్రశ్న ఇది.