జడపదార్థమను మాటకు స్వరతంత్రి చెప్పిన సాక్ష్యము

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో వంతెన వెంట నడచువారికి అడుగడుగున శిక్షణాలయముల బోర్డులు కనిపించును. ఆ గదులలో గంటల తరబడి బోధించు ఉపాధ్యాయుల గొంతు బొంగురుపోవుట సామాన్యమే. అట్టివారు స్వరతంత్రిలోనికి సూదితో పూరక పదార్థము ఎక్కించు చికిత్సను గూర్చి విన్నపుడు, అది తమకును పనికివచ్చునని భ్రమపడరాదు. అధిక శ్రమవలన తంత్రులపై ఏర్పడు చిన్న బొడిపెలకు విశ్రాంతి, స్వరశిక్షణ అవసరము కాని పూరకము కాదు. థైరాయిడ్ శస్త్రచికిత్స వంటి కారణమున నాడి దెబ్బతిని, ఒక తంత్రి చచ్చుబడి, రెండవదానిని కలియలేనపుడు, దానిని మధ్యకు నెట్టుటకే ఈ పూరకము.

ఈ పూరకములను వర్ణించుటలో ‘జడపదార్థము’ అను మాట చాలకాలము చెల్లినది. అసలు చిక్కు ఆ మాటలోనే ఉన్నది.

1911లో జర్మనీలో బ్రూనింగ్స్ పారఫిన్‌ను ఎక్కించెను. అది చోటు మారుటయు, చుట్టు గడ్డలు కట్టుటయు జరిగి క్రమముగా మూలబడెను. 1962లో అమెరికాలో గాడ్‌ఫ్రీ ఆర్నాల్డ్ టెఫ్లాన్ ముద్దను వాడెను. దోసె అంటని పెనముపై ఉండునది ఈ టెఫ్లానే; ఆమ్లములు సైతము దానిని కదపలేవు. ఇంతకన్న నిరపాయకరమైనది ఏమున్నదని తోచుట సహజము.

కాని గాజుపాత్రలో మారని పదార్థము దేహములో ఎవరి కంటను పడకుండ ఉండునా? భక్షక కణములు ఆ రేణువులను చుట్టుముట్టును. జీర్ణము చేసికొనలేవు, విడువనూ విడువవు. పలు కణములు కలిసి మహాకణములగును, చుట్టును నారకణజాలము పేరుకొనును. కొందరిలో ఏండ్లు గడచిన పిమ్మట గట్టి గడ్డ ఏర్పడి, స్వరము మునుపటికన్న చెడిపోయెను. కణజాలముతో పెనవేసికొనిన రేణువులను తీసివేయుటయు దుస్సాధ్యమయ్యెను. పదార్థము మారలేదు, నిజమే. మారినది దాని చుట్టునున్న మాంసము. జడత్వమను మాట ఈ రెండవ సంగతిని కప్పిపుచ్చినది.

తంత్రి విషయమున ఈ పొరపాటు మరింత హానికరము. అది స్త్రీలలో సెకనుకు సుమారు 200 మార్లు కంపించును. లోపలి కండరముపై జిగురువంటి మెత్తని పొర అలవలె కదలుటచేతనే స్వరము పుట్టునని 1974లో జపాను వైద్యుడు మినోరు హిరానో వివరించెను. పూరకము లోతుగ కండరమువద్ద ఉండవలెను. పై పొరలో పడినచో అల నిలిచి, స్వరము బిగుసుకొనును. కావున పదార్థపు గుణమొక్కటే కాదు, అది చేరిన చోటును లెక్కింపవలెను.

నేడు వాడు హయలురోనిక్ ఆమ్లము తంత్రిలో సహజముగనే ఉండునట్టిది. కొన్ని మాసములలో కరగిపోవును. కాల్షియం హైడ్రాక్సీ అపటైట్ ఇంచుమించు ఏడాది నిలుచును. అదియు అరుదుగ వాపు కలిగింపవచ్చును. కరగునది అల్పమనియు, నిలుచునది ఘనమనియు తలచుట తగదు. దెబ్బతిన్న నాడి ఏడాదిలోపల కోలుకొను అవకాశమున్న రోగికి, అంతవరకు పనిచేసి తనంతట తాను తొలగిపోవు పదార్థమే మేలు. టెఫ్లాన్ చేయలేకపోయిన పని సరిగ్గా అదే.