అడిగాక కాసేపు ఆగండి

డిసెంబరు వచ్చిందంటే తెల్లారకముందే మా నర్సీపట్నం మీదుగా లంబసింగి పోయే బళ్లు మొదలవుతాయి. డౌనూరు దాటి ఘాట్ రోడ్డెక్కి, మంచు చూసి, ఫొటోలు దిగి, ఎండెక్కేసరికి తిరిగొస్తారు. మా ఊరి పిల్లలకు ఇదేం వింత కాదు. అందుకే సాయంత్రాలు మా అరుగు మీద పుస్తకాలు పట్టుకుని చేరే పిల్లల్ని ఒకసారి అడిగాను, లంబసింగిలో అంత చలి ఎందుకని.

"కొండ మీదుంది కాబట్టి" అన్నాడు ఎనిమిదో తరగతి కుర్రాడు టక్కున. బిట్ బ్యాంకు జవాబు. పరీక్షలో ఒక మార్కు పడుతుంది. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు. ఊరుకున్నాను. కాసేపటికి ఆరో తరగతి పిల్ల నసుగుతూ అంది: "కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదండీ మాస్టారూ! మరి వేడి ఎక్కువుండాలి కదా?"

కుర్రాడి మొహం చూడాలి అప్పుడు. వాడికి ఆ అనుమానం ఎన్నడూ రాలేదు. ఇంకొకడు చెట్ల వల్ల చలి అన్నాడు. "అయితే మా జీడితోటలో ఎందుకు లేదు?" అని పక్కవాడు అడ్డుపడ్డాడు. సూర్యుడు ఎంత దూరమో ఎవరికైనా తెలుసా అన్నాను. 15 కోట్ల కిలోమీటర్లని మన బిట్ బ్యాంకు కుర్రాడే అప్పజెప్పాడు. లంబసింగి ఎత్తు దాదాపు వెయ్యి మీటర్లు. "15 కోట్లలో ఒక్క కిలోమీటరు ఏపాటి మాస్టారూ!" అని వాడే నవ్వేశాడు. అలా దగ్గర, దూరం మాట కొట్టుకుపోయింది. మరి గాలిని వేడిచేసేదెవరు? ఆ రాత్రికి తేలలేదు. మర్నాడు నేను అడిగింది ఒక్కటే, మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచారా అని. అక్కణ్ణుంచి వాళ్లే లాక్కొచ్చారు. ఎండకు ముందు నేల కాగుతుంది, నేలను తగిలి గాలి వేడెక్కుతుంది. ఆ గాలి పైకి పోయేకొద్దీ పలచబడి, వ్యాకోచించి చల్లబడుతుందన్న ముక్క మాత్రం నేను అందించాల్సి వచ్చింది. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని చెబితే ఇక్కడి వేడిలోంచి తీసేసి లెక్క కట్టుకున్నారు. అయినా లంబసింగి చలికి అది చాలలేదు. మబ్బులేని రాత్రుళ్లు నేల తొందరగా చల్లారుతుంది, బరువైన చల్లగాలి కొండల మీంచి పల్లానికి జారి నిలబడిపోతుంది. ఆ సంగతి తేలడానికి ఇంకో సాయంత్రం పట్టింది.

ఇంతసేపట్లో నేను చేసిన పెద్ద పని నోరు కట్టేసుకోవడం. పాఠం చెప్పేవాడికి అంతకంటే కష్టమైంది లేదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970ల్లో తరగతి గదుల్లో టేపులు పెట్టి మరీ దీన్ని కొలిచింది. ప్రశ్న అడిగాక టీచరు జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, కారణాలు చెప్పడం ఎక్కువైంది, నోరు మెదపని పిల్లలు మాట్లాడారు, ఎదురు ప్రశ్నలు పుట్టాయి. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా అలాగే ఆగాలందామె. "వెరీ గుడ్" అని మనం వెంటనే అనేస్తే మిగతావాళ్ల ఆలోచన అక్కడితో సరి.

మన దగ్గర టీచరు అడిగేది "అర్థమైందా?", పిల్లలు చెప్పేది "అయిందండీ". కోరస్‌గా. సిలబస్ పూర్తికావాలి, స్లిప్ టెస్టులు పెట్టాలి, ఐఎంపీలు టిక్కు పెట్టించాలి. టీచర్లను అని లాభం లేదు, వాళ్ల మెడ మీద కత్తి అలాంటిది.

ఆగి ఆలోచించే అలవాటు లేకపోతే ఏమవుతుందో చూడండి. అమెరికాలో 1980ల మొదట్లో 13 ఏళ్ల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఒక్కో బస్సులో 36 మంది సైనికులు పడతారు, మొత్తం 1128 మంది వెళ్లాలి, బస్సులెన్ని కావాలి? భాగహారం చాలామంది సరిగ్గానే చేశారు. కానీ 32 అని రాసినవాళ్లు పావువంతు కూడా లేరు. మిగతావాళ్లలో ఎక్కువమంది 31 అనో, "31, శేషం 12" అనో రాసి ఊరుకున్నారు. శేషం 12 అంటే పన్నెండు మంది మనుషులు రోడ్డు మీద నిలబడ్డారని వాళ్లకు తట్టలేదు. ఇదే లెక్క మా అరుగు మీద ఇస్తే ఒక గడుగ్గాయి 31 అన్నాడు. ఎలారా అంటే, "పన్నెండు మందే కదండీ మాస్టారూ, బస్సుకొకడు చొప్పున నిలబడిపోతారు!" అన్నాడు. నర్సీపట్నం నుంచి చింతపల్లి బస్సెక్కినవాళ్లెవరైనా ఆ జవాబు తప్పనలేరు. నేనైతే నూటికి నూరు వేశాను. శేషాన్ని మనుషులుగా చూసినవాడు వాడే మరి.

బట్టీ పట్టడం పాపమని అనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. 15 కోట్ల కిలోమీటర్లు ఆ కుర్రాడికి కంఠతా రాకపోతే మా చర్చ మొదటి మెట్టు మీదే కూలబడేది. ఎక్కాలు రానివాడు శేషం గురించి ఏం ఆలోచిస్తాడు? ఎక్కాలు, పద్యాలు, రాజధానులు అన్నీ నోటికి రావాల్సిందే. వచ్చిన వాటిని వాడుకునే అవకాశం కూడా ఇవ్వాలనే నా గోల.

అలా ఇచ్చిన బడులు మన తెలుగునాట లేకపోలేదు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీలో జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన బడి సంగతి అందరూ ఎరుగుదురు. దాని చుట్టుపక్కల పల్లెల్లో వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు నడిపిన చిన్న బడుల మాట తక్కువమందికి తెలుసు. అక్కడ రకరకాల తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, ఎవరి మెట్టుకు తగిన కార్డు వాళ్లే తీసుకుని, అది వచ్చాకే తర్వాతి కార్డుకు వెళతారు. తొందర లేదు, పక్కవాడితో పోలిక లేదు. అది చూసి 1995లో మైసూరు జిల్లాలో 'నలి కలి' అనే ఇలాంటి బోధన పద్ధతి మొదలుపెట్టారు. కృష్ణమూర్తి జీవితమంతా చెప్పిన మాటల్లో ఒకటి భయం ఉన్నచోట నేర్చుకోవడం ఉండదని. తప్పు చెబితే నవ్వుతారన్న భయమే మా ఆరో తరగతి పిల్లను నసిగేలా చేసింది.

ఇంట్లో పిల్లల్ని ఆలోచింపజేయడానికి కార్డులూ అక్కర్లేదు, ఫీజులూ అక్కర్లేదు. మన పెద్దవాళ్లు పొడుపు కథ వేసి, ఎంత బతిమాలినా విప్పకుండా వక్కాకు నములుతూ కూర్చునేవారు. తెలియదని ఒప్పుకుంటే గానీ చెప్పేవారు కాదు. ఇప్పుడు ఫోను అర సెకనులో చెప్పేస్తోంది.

ఒక మాట మాత్రం తల్లిదండ్రులతో. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ప్రాంతంలో వచ్చిన లెక్కల పుస్తకాల్లో ప్రతి పాఠం మధ్యా 'ఇవి చేయండి', 'ప్రయత్నించండి', 'ఆలోచించి, చర్చించి రాయండి' అంటూ గడులు ఉండేవి. తర్వాత పుస్తకాలు మారాయి, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలొచ్చాయి, అలాంటి గడులు వాటిలోనూ ఉన్నాయి. పరీక్షలో రావని వాటిని దాటేస్తుంటారు. 2024 డిసెంబరు నుంచి సర్కారు బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరుగుతున్నాయి కదా. ఈసారి వెళ్లినప్పుడు మార్కుల కాగితంతో పాటు పిల్లల లెక్కల పుస్తకం కూడా పట్టుకెళ్లండి. ఆ గడుల్లో ఒక్కటి తెరిచి, ఇది క్లాసులో చేయించారా మాస్టారూ అని మర్యాదగా అడగండి. అడిగాక జవాబు కోసం మీరూ కాస్త ఆగండి.